పలకరాయి కింద చల్లదనం

మా ఊరి నుంచి పక్క ఊరి అంగన్వాడీకి రోడ్డు మీద పోతే దూరం. పాత పలకల క్వారీల మధ్య బాటలో పోతే అందులో సగం కూడా ఉండదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో నేను ఆ బాటన సైకిలు తొక్కుకుంటూ చదువుకోవడానికి పోయినాను.

సైకిలు మా అమ్మాయిది. హైస్కూల్లో ఉన్నప్పుడు సర్కారు వాళ్ళు ఇచ్చినారు. ఆమె పెళ్ళయి గిద్దలూరు పోయింది, సైకిలు మా గోడకు ఆనుకొని మిగిలిపోయింది. ముందు బుట్టలో కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టినాక నేను దాన్ని బయటికి తీసి, రెండు మోకాళ్ళూ చీరుకొని నేర్చుకున్నాను.

అంతకుముందు చాలా ఏళ్ళు మార్కాపురంలో పలకల పని చేసినాను. రాతిని రుద్ది నున్నగా చేసేదాన్ని, చెక్క చట్టం బిగించేదాన్ని. నా చేతుల మీదుగా పోయిన పలకల మీద ఏ ఊళ్ళలో ఏ పిల్లలు అక్షరాలు దిద్దినారో. నేను మాత్రం ఒక్కదాని మీదా ఒక గీత గీయలేదు. అందుకే, సాయంత్రం నాలుగింటికి అంగన్వాడీలో ఆడవాళ్ళకు చదువు చెప్తారని తెలిసినప్పుడు ఎవరినీ అడగకుండా పేరు రాయించుకున్నాను.

మా ఆయన వద్దనలేదు. ఆయన క్వారీలో రాయి తీసిన మనిషి. ఆ దుమ్ముకు రొమ్ము పాడై, అప్పటికే ఎక్కువ పొద్దు మంచం మీదనే ఉండేవాడు. చదువుకూ, సైకిలుకూ సరేనన్నాడు. బాటకు మాత్రం ఒక షరతు పెట్టినాడు.

"ఒక్క పురుగు కనబడినా ఇంటికొచ్చి నాకు చెప్పాల. చెప్పిన రోజు నుంచి ఆ తోవ బంద్."

పురుగంటే పాము. ఆయన ఆ పేరు పలకడు. ఆయన చెల్లెలు పదహారేళ్ళప్పుడు క్వారీలో రాయి ఎత్తుతుంటే పాము కరిచి చనిపోయింది. రోడ్డు మీదుగా పొమ్మంటే లారీల నడుమ నాకు చేతకాదు, బస్సు ఆ వేళకు లేదు. తోవ బంద్ అంటే చదువు బంద్ అని ఇద్దరికీ తెలుసు.

"సరే" అన్నాను.

బాటకు రెండు పక్కలా పనికిరాని రాయి గుట్టలు. సాయంత్రపు ఎండ పడితే అవి నల్లగా, నీలంగా, నీళ్ళలాగా మెరుస్తాయి. నేను తొక్కుతుంటే రెండు చెరువులు లేచి నిలబడి, నడుమ నాకు దారి ఇచ్చినట్టుండేది. దూరాన నల్లమల పొగలాగా కనబడేది. ముళ్ళ చిల్లచెట్ల వాసన, చక్రం కింద రాతి పెంకుల గలగల. ఇంటి పనీ, నా వయసూ రెండూ ఆ బాట మొదట్లోనే నన్ను వదిలి వెనక్కి పోయేవి.

మొదటి వారంలోనే జెర్రిపోతు కనబడింది. తల చిల్లచెట్లలోకి పోయినా తోక ఇంకా ఇవతలి గడ్డిలోనే ఉంది. నాకు ఏం చేయాలో తోచక గంట కొట్టినాను. జెర్రిపోతుకు గంట కొట్టిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అది తన తీరికలో తాను పోయింది. ఒక కాలు నేల మీద పెట్టుకొని నేను చూస్తా నిలబడినాను. భయం వేసింది. ఆ భయం వెనకనే ఏదో తీపిగా కూడా ఉండింది.

ఆ పొద్దు ఇంటికి పోతే ఆయన అడిగినాడు. "ఏమన్నా కనబడిందా?"

"ఏం కనబడలా."

తర్వాత చాలా కనబడినాయి. కుందేలు సైకిలు ముందు కొంత దూరం పరుగెత్తి, తోవ చూపించి, పక్కకు తప్పుకునేది. ఉడుము రాతి మీద పడుకొని నాలుకతో గాలిని తడిమేది. నెమళ్ళు మా కోళ్ళలాగే దుమ్ములో పొర్లేవి. ఒకసారి నక్క ఒకటి నా ముఖంలోకి చూసి, నన్ను ఎక్కడో చూసినట్టు కాసేపు ఆలోచించి, వెళ్ళిపోయింది. పాములు ఎన్నో. రోజూ ఇంటికొచ్చి అదే మాట చెప్పినాను. ఏం కనబడలా.

చదువు చెప్పే అమ్మాయికి నా కూతురి వయసు. గుణింతాలు అయినాక, తోవలో ఏం చూసినారో రోజూ మూడు మాటలు రాసుకొని రమ్మన్నది. అందరూ ఆవు, ఆటో, నీళ్ళ ట్యాంకు రాసుకొస్తే నేను నక్కనూ ఉడుమునూ రాసుకొని పోయినాను.

"పెద్దమ్మా, ఇవన్నీ నిజంగానే చూసినావా?" అన్నది ఆ అమ్మాయి, ఎర్ర పెన్ను చేతిలో పట్టుకొని.

"నిజమే బిడ్డా. ఒత్తులు తప్పుంటాయి గానీ నక్కలో తప్పు లేదు."

"మేము టీవీలో చూసేటివి ఈ వదినకు తోవలోనే కనబడతాయి. ఇంక ఏనుగు ఒకటి మిగిలింది" అన్నది నా పక్కన కూర్చునే ఆమె.

"రేపు రాస్తాలే, సున్నా పెట్టాల్నో వద్దో చెప్పు ముందు" అన్నాను.

ఎండాకాలం మొదలైన రోజుల్లో, బాట పక్కన రాతి బిళ్ళ ఒకటి కనబడింది. గుట్ట మీది నుంచి జారి పడినట్టుంది. ఎక్కడా చీలిక లేదు, అంచులు తిన్నగా ఉన్నాయి. పలకల పని చేసిన వాళ్ళు అట్లాంటి రాయిని చూసి ఊరికే పోలేరు. వంగాల, ఎత్తాల, వేలి కణుపుతో కొట్టి చూడాల. మంచి రాయి ఖంగుమంటుంది, పగులున్నది దబ్బుమంటుంది. పని మానేసి రెండేళ్ళయినా నా నడుము ఆ వంగడం మరవలేదు. ఎత్తేముందు పైన తట్టి, కాసేపు ఆగాలనేది మాత్రం ఆ పొద్దు మరిచింది. ఇది నా సొంత పలక అనుకున్నాను. నేను రాసుకునే పలక. సైకిలు నిలబెట్టి, రెండు చేతులా ఎత్తినాను.

కింద నాగుపాము చుట్టుకొని పడుకొని ఉంది.

రాతి కింది చల్లదనం నా పాదాలకు తగిలింది. అది పడగ విప్పలేదు. తల మాత్రం జానెడు లేపి, నిద్రలోంచి లేచిన మనిషిలాగా చూసింది. రాయి నా రొమ్ముకు ఆనుకొని ఉంది. చక్రం పెంకు మీద నిలవక సైకిలు ఎక్కడో పక్కకు ఒరిగిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. దాని ఒంటి మీద గోధుమల రంగు, ఆ రంగు కింద ఊపిరి. ఎంతసేపో తెలియదు. ఒక పాదం వెనక్కి పెట్టినాను. మళ్ళీ ఒకటి. అది తల దించి, చుట్ట విప్పుకొని, గుట్టలోకి నీళ్ళు ఇంకినట్టు ఇంకిపోయింది.

రాయిని నేను తెచ్చుకోలేదు. గుట్టకు వాల్చి, కింద నీడ ఉండేటట్టు పెట్టి వచ్చినాను. దాన్ని కూడా పుస్తకంలో రాసినాను. మూడు మాటలు చాలలేదు, పేజీ పట్టింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఇన్నాళ్ళు పోయినావు గదా, ఏం నేర్చినావో చదువు, విందాం."

ఆయనకు అక్షరం రాదు. నేనేం చెప్పినా నమ్మాల్సిందే అనుకున్నాను. పుస్తకం తెరిచి, "ఆవు పాలు ఇచ్చును. మేక ఆకులు తినును" అన్నాను.

"ఏమే" అన్నాడు.

"ఏంది?"

"మొన్న దుకాణం బోర్డు చదివినప్పుడు ఒక్కో అక్షరానికీ వేలు పెట్టినావు. ఇప్పుడు వేలు కదల్లేదు. నీవు రాసింది చదువు."

పుస్తకం వెనక్కి తిప్పి మొదటి పేజీ తెరిచినాను. వేలు పెట్టి చదివినాను. నాకు వేగం రాదు. జెర్రిపోతు ఒక్కో అక్షరమే బయటికి వచ్చింది. నక్క వచ్చింది. చివరికి రాయి, రాయి కింద నాగుపాము. ఆయన దగ్గు వస్తే మింగుకున్నాడు.

నేను పుస్తకం మూసినాక అడిగినాడు. "ఎత్తిన రాయిని వదిలినావా?"

"లేదు. పట్టుకొనే వెనక్కి వచ్చినా."

"మా చెల్లెలు వదిలింది. దబీమని దాని మీదనే. అందుకే అది తిరగబడింది" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నాతో అనలేదు. మళ్ళీ పుస్తకం వైపు చూసి, "కనబడలా కనబడలా అని ఇన్ని చూసినావు" అన్నాడు.

"చెప్తే తోవ బంద్ చేస్తావని."

"చేసేవాణ్ణే."

నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. సైకిలు మళ్ళీ కోళ్ళకే అనుకున్నాను.

"రాయి ఎత్తొద్దు. దేవుడిచ్చినా ఎత్తొద్దు" అన్నాడు ఆయన. "మిగతాది నీ ఇష్టం. కానీ వచ్చి చెప్పడం కాదు, చదవాల. వేలు పెట్టి."

ఆ మరుసటి రోజు కూడా పోయినాను. ఆ తర్వాతా పోయినాను. పొద్దు కుంకే వేళకు తిరిగి వచ్చి, ఆయన మంచం పట్టె మీద కూర్చొని, ఆ పొద్దు చూసింది చదివేదాన్ని. నా చదువు నిదానం. ఒక్కోసారి పాము బాట దాటకముందే ఆయన నిద్రపోయేవాడు. నేను ఆపకుండా, గొంతు తగ్గించి, అది అవతలి గట్టు చేరేదాకా చదివేదాన్ని.