వెనక లంగరు దగ్గర నిలబడిన మనిషి

పోయిన ఆదివారం పొద్దున నేను అబిడ్స్‌లో, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట నర్సింలు మామ కోసం ఎదురుచూస్తున్నాను. ఆదివారం వచ్చిందంటే ఆయన అక్కడికి రాకుండా ఉండడు. నెల రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు. తప్పు నాదని చెప్పి, పక్కన నిలబడి చాయ్ తాగించి, మళ్ళీ మాట కలుపుకోవాలని వచ్చాను. ఇంతలో అత్తమ్మ ఫోన్ చేసింది. "మామ లేడు బిడ్డా" అన్నది. పుస్తకాల బజారుకు బయల్దేరి, గడపలో చెప్పులు వేసుకుంటూనే కూలబడ్డాడట. నాంపల్లి ఇంటి నుంచి దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. పుస్తకాలాయన ఒక పాత పటం చుట్టి ఆయన కోసం పక్కన పెట్టి ఉంచాడు. "నర్సింలన్న ఇంకా రాలేదేంది?" అని నన్నే అడిగాడు.

సముద్రం లేని ఊళ్ళో సముద్రం గురించే ఆలోచిస్తూ బతికిన మనిషి మా మేనమామ. మెదక్ దగ్గర వ్యవసాయ బావి తప్ప వేరే నీళ్ళు ఎరగని ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్ళకే నౌకాదళంలో చేరాడు. సర్వీసంతా దాదాపు ఒక ల్యాండింగ్ షిప్ మీదే. మిగతా ఓడలు ఒడ్డుకు తగలకుండా జాగ్రత్తపడతాయి. ఈ ఓడ కావాలనే ఇసుకలోకి దూసుకెళ్ళి, ముందు తలుపులు తెరిచి, సైనికులనూ ట్యాంకులనూ ఒడ్డు మీద దింపుతుంది. పెన్షన్ వచ్చాక హైదరాబాద్‌లో స్థిరపడి, ఉస్మాన్‌గంజ్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీల దింపుడు పని చూసుకున్నాడు.

ఆదివారాల్లో ఆయన వెతికేవి తీరపు పటాలు, పోటు ఎప్పుడు వస్తుందో చెప్పే పట్టికలు. కాలం చెల్లిన పట్టికలు కూడా వదిలేవాడు కాదు. "నాంపల్లిల పోటు ఎప్పుడొస్తదన్నా?" అని పుస్తకాలాయన ఏడిపిస్తే, "మూసీల మంచి నీళ్ళు వచ్చిన దినం చెప్త, ఆగు" అనేవాడు.

తాను చేసిన తప్పును ఆయన ఎన్నడూ దాచుకోలేదు. ఓడలో ఆయన డ్యూటీ వెనక లంగరు దగ్గర. ఓడ ఒడ్డెక్కే ముందు, ఇంకా లోతు నీళ్ళలో ఉండగానే, వెనక నుంచి ఒక లంగరు వదులుతారు. దింపుడు అయ్యాక ఆ లంగరు తాడును గుంజుకుంటూనే ఓడ ఇసుకలోంచి బయటపడుతుంది. ఒకసారి అభ్యాసంలో బ్రేకు వదలడం మామ ఆలస్యం చేశాడు. లంగరు ఒడ్డు దగ్గరే పడి, పట్టు దొరకలేదు. పొద్దున ఇసుకెక్కిన ఓడ సాయంత్రం మళ్ళీ పోటు వచ్చేదాకా కదల్లేదు. చేపలు పట్టేవాళ్ళు దగ్గరికొచ్చి, ఒక చెయ్యేసి తోయమంటారా అని అడిగారట. ఆఫీసరు అందరినీ డెక్ మీద నిలబెట్టి తప్పెవరిదని అడిగాడు. ఎవరూ పేరు చెప్పకముందే మామ ఒక అడుగు ముందుకు వేశాడు. "బ్రేకు ఇడిసేది నేనే సార్. ఒడ్డు చూసుకుంట నిలబడ్డ." శిక్ష పడింది. అయినా ఆ కథ చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఎప్పుడూ నవ్వే ఉండేది.

నేను ఫోన్‌లో సైన్యాల మీద వీడియోలు చేస్తుంటాను. చైనా కొత్త ఓడ దించిందంటే చాలు, ఫొటో పట్టుకుని ఉస్మాన్‌గంజ్ పరుగెత్తేవాణ్ణి. హెలికాప్టర్లు మోసే పెద్ద ఓడలు, అభ్యాసాల్లో సైన్యానికి పనికొస్తున్న కార్ల ఫెర్రీలు, సముద్రంలో కాళ్ళు దింపుకుని ఒకదానికొకటి అతుక్కుని వంతెనైపోయే బార్జీలు. నేను ఓడల సంఖ్య చెబితే ఆయన తల ఊపేవాడు కాదు. బార్జీల ఫొటో మాత్రం చాలాసేపు చూశాడు. చైనా కన్నేసిన తైవాన్ ద్వీపం ఇప్పటిదాకా తన రేవులనూ నాలుగు మంచి బీచ్‌లనూ ఇంటి తలుపుల్లా కాపాడుకుంటే సరిపోయేదని, ఈ కాళ్ళు వచ్చాక కిటికీల్లాంటి మిగతా ఒడ్డు దగ్గర కూడా కాపలా పెట్టాల్సి వస్తుందని అన్నాడు. అభ్యాసాలు తరచూ చేయడం కూడా ఒక ఆయుధమేనట. అబిడ్స్‌లో రోజంతా హారన్లు మోగుతూనే ఉంటాయి కదా, నిజంగా బ్రేకులు ఫెయిలైన బస్సు హారన్ కొడితే ఎవరు పక్కకు జరుగుతారని అడిగాడు.

ఒకరోజు బయట గొడవ వినిపిస్తే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఒక లారీ సరుకు దింపేసి కూడా గల్లీలోంచి వెనక్కి రాలేక ఇరుక్కుంది. దాని వెనక మిర్చి లారీలు బారులు తీరి, హమాలీలు బస్తాల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. చూడమన్నట్టు మామ ఆ ఖాళీ లారీ వైపు చెయ్యి చాపాడు, అంతే.

ఇంత నేర్చుకుని నేను చేసిన పని ఇది. చైనా దింపుడు గురించి ఆయన మాటలు రికార్డు చేసి, మొదటి రెండు వాక్యాలు ఉంచి మిగతాదంతా కోసేశాను. 'ఒక్క రోజులో తైవాన్ ఖతం: మాజీ నావికుడు' అని పేరు పెట్టాను. ఎప్పుడూ రానన్ని వ్యూస్ వచ్చాయి. నాంపల్లిలో ఆయన రోజూ కూర్చునే చాయ్ హోటల్లో ఆ వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఏం నర్సింలన్నా, చైనా పెన్షన్ కూడా వస్తుందా అని ఎగతాళి మొదలుపెట్టారు. దేశం ఉప్పు తిని శత్రువును పొగుడుతున్నాడని ఒకతను మొహం మీదే అన్నాడట. మామ ఆ హోటల్‌కు పోవడం మానేశాడు.

నా దగ్గరికొచ్చి ఒకే ఒక్క మాట అడిగాడు.

"నా మాట సగమే ఉన్నది అల్లుడా. మిగిలింది కూడ పెట్టు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొత్తం పెడితే ఎవడు చూస్తాడని ఎగిరిపడ్డాను. నీకు ఫోన్ తెలియదు, నీది పాత కాలం అన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"ఎవ్వడు చూడకున్నా ఫికర్ లేదు. నేను అనని మాట నా నోట్ల పెట్టినవ్ గదరా."

అదే ఆఖరి మాట. నెల గడిచింది. నా పంతం తగ్గేసరికి ఆయన గడప దాటలేకపోయాడు.

మూడో దినం నాడు ఆ చాయ్ హోటల్ వాళ్ళు కూడా వచ్చారు. దండం పెట్టి వెళ్ళారు. వాళ్ళకు తెలిసిన నర్సింలు ఇంకా ఆ సగం మనిషే. ఇంటికొచ్చి పాత రికార్డింగు మొత్తం విన్నాను. ఆ వీడియో తీసేసి, ఇది పూర్తిగా పెట్టాను. చూసేవాళ్ళు తక్కువే. అందుకే ఆయన మాట అక్షరం మార్చకుండా ఇక్కడ కూడా రాస్తున్నాను.

"దిగుడు వాళ్ళకు పెద్ద కష్టం కాదురా. ఓడలున్నయ్, మనుషులున్నరు, ఏండ్ల సంది ప్రాక్టీసు చేస్తున్నరు. గానీ దిగినంక ఏంది? మొదటి ట్రిప్పుల దిగినోని దగ్గర వాడు మోసుకొచ్చినంతే తిండి, మోసుకొచ్చినన్నే తూటాలు. దింపిన ఓడ వాపస్ పోతేనే గదా మళ్ళ నింపుకొని వచ్చేది? తైవానోళ్ళు ఓడకు ఓడ కట్టాల్సిన పని లేదు. గా వచ్చిపోయే తొవ్వ బంద్ చేసే సామాను పెట్టుకోవాలె. నీళ్ళల్ల మందుపాతరలు, లారీల మీద తిరిగే మిసైళ్ళు. సాయం వచ్చేదాక జనానికి తిండి, కరెంటు ఉండాలె. గట్లని బేఫికర్‌గ కూసోవద్దు. వాపస్ పోవుడు చైనావోళ్ళు కూడ నేర్చుకుంటనే ఉన్నరు. ఎవడు ముందుగాల నేర్చుకుంటడో గదే చూడాలె. నువ్వు ఓడలు లెక్కపెడుతున్నవ్. నేను ట్రిప్పులు లెక్కపెడుతున్న. ఐపోయిందా? ఇగ ఫోన్ పక్కకు పెట్టు, చాయ్ సల్లగైతున్నది."

'గానీ' అన్న మాట నుంచి చివరిదాకా నేను కోసేసిన ముక్కే. ఇందులో శత్రువును పొగడటం లేదు, భయపడటం లేదు. ఎదుటివాడి బలాన్ని ఉన్నంతే చూడగల నిబ్బరం ఉంది. అరుపులే విశ్లేషణలుగా చెల్లుబాటయ్యే రోజుల్లో అలాంటి నిబ్బరాన్ని ఇంకొకరిలో నేను చూడలేదు. రేపు ఏ కొత్త ఓడ నీళ్ళలోకి దిగినా ఫొటో నా చేతిలోనే ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉస్మాన్‌గంజ్ గల్లీలో ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియడం లేదు.

మామ డెక్ మీద ఒక అడుగు ముందుకు వేసినట్టే, ఆయన్ని ఎరిగిన మీ అందరి ముందూ చెబుతున్నాను. ఆ మాట కోసింది నేనే. వ్యూస్ చూసుకుంటూ నిలబడ్డాను. ఆయన అడిగిన మిగతా సగం మీకు అప్పజెప్పాను. అడిగిన మనిషి మాత్రం నాంపల్లిలో లేడు.