మా మేడం ఎదురుచూసిన ధూళి వలయం

మేడం పోయిన సంగతి నాకు మరిపెడలో తెలిసింది. నాన్నకు జ్వరమొస్తే చూడటానికి ఇంటికి వచ్చి, మళ్ళీ హనుమకొండ బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉన్నాను. మేడం వాళ్ళక్క ఫోన్ చేసింది. ఆమెను నేను పెద్దమ్మ అంటాను. "బిడ్డా, పొద్దుగాల పోయింది. నువ్వు జల్ది రా," అంది. ఫోన్ పెట్టేయకుండానే ఏడవడం మొదలుపెట్టింది. బస్సులో కూర్చుని నేనూ ఏడ్చాను. పక్కనున్న ముసలావిడ నా చెయ్యి పట్టుకుని "ఎవరమ్మా, మీ అమ్మనా?" అని అడిగింది. అవునని తల ఊపాను.

ఆమె మా ఫిజిక్స్ మేడం, నా పీహెచ్‌డీకి గైడు. పెళ్ళి చేసుకోలేదు. వాళ్ళ బావగారికి బజార్లో ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. ఆ దుకాణం వెనక ఇంట్లో అక్క దగ్గరే ఉండేది. ఆమె చేసే పని ఏమిటో బజార్లో ఎవరికీ సరిగా తెలియదు. నక్షత్రాల మేడం కదా అని జాతకాలు పట్టుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. "నాది ఆకాశంల మసి గురించిన సదువు. మీ గ్రహాల సంగతి నాకు ఎరుక లేదు," అని నవ్వి, చాయ్ తాగించి పంపేది.

మసి అని ఆమె వేళాకోళానికి అనలేదు. వుల్ఫ్-రాయే నక్షత్రాలని ఉంటాయి. సూర్యుడి కన్నా ఎంతో బరువు, ఎంతో వేడి. ఆయుష్షు మాత్రం తక్కువ. చివరి దశకు వచ్చేసరికి వాటి పైనున్న హైడ్రోజన్ పొర ఊడిపోతుంది. కొన్నిటిలో లోపల తయారైన కార్బన్ బయటపడి, పెనుగాలిగా నలుదిక్కులా చిమ్ముతుంది. అంతకు ముందు ఎప్పుడో వదిలేసిన వాయువును ఆ గాలి తోసుకుంటూ పోతే నక్షత్రం చుట్టూ నెబ్యులా అనే వాయువు మబ్బు మెరుస్తుంది. అంత వేడి పక్కన ధూళి పుట్టనే కూడదు. అయినా కొన్నిటి చుట్టూ పుడుతుంది, వలయం వెనక వలయంగా. అది ఎట్లా పుడుతుంది, పుట్టింది ఎంత దూరం బతికి బట్టకడుతుంది అన్నదే మేడం జీవితమంతా అడిగిన ప్రశ్న.

నేను చేరిన కొత్తలో ఇదంతా నా బుర్రకెక్కలేదు. మేడం విసుక్కోకుండా నన్ను ఇంటికి తీసుకుపోయింది. ఆ రోజు పెద్దమ్మ కొత్తగా పుట్టిన మనవరాలి కోసం కాటుక పడుతోంది. కింద ఆముదం దీపం, దాని మీద రెండు ఇటుకల ఆధారంతో బోర్లించిన ఇత్తడి పళ్ళెం. మేడం నన్ను నేల మీద కూర్చోబెట్టింది.

"మంటల మసి కనబడ్తాందా?"

"లేదు మేడం."

"పళ్ళానికి?"

"ఉంది."

"మంటల ఉన్నంతసేపు అది వెలుగే. జర సల్లటి జాగ దొరికితేనే మసై నిలుస్తది. మరి నక్షత్రానికి పళ్ళెం ఎవలు పడ్తరు?"

నేను వంగి పళ్ళెం కిందకి తొంగిచూశాను.

"పక్కపొంటి తిరిగే ఇంకో నక్షత్రం," అంది. రెండు నక్షత్రాలు దగ్గరికి వచ్చినప్పుడు రెండింటి గాలులు ఢీకొంటాయి. అక్కడ వాయువు నలిగి, చిక్కబడి, చల్లారుతుంది. ధూళి పుడుతుంది. మళ్ళీ దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ ఒక వలయం. నాకు ఒక్కసారిగా అర్థమై, ఆ ఉత్సాహంలో పళ్ళెం కిందకి నొక్కి చూశాను. దీపం ఆరిపోయింది. "మీ నక్షత్రాలు సల్లగుండ! జరుగుండ్రి, పిల్లకు కాటుక లేకుంట చేస్తరా ఏంది?" అని పెద్దమ్మ మమ్మల్ని ఇద్దరినీ వంటింట్లోంచి తరిమింది.

మేడం దగ్గర టెలిస్కోపు లేదు. అంతరిక్షంలో ఉన్న పెద్ద టెలిస్కోపులు తీసిన బొమ్మలు కొంతకాలం వాటిని తీయించినవాళ్ళ దగ్గరే ఉండి, తర్వాత అందరికీ తెరుచుకుంటాయి. వాటిని దించుకుని మేం పని చేసేవాళ్ళం. దించుకుంటూ ఉండగా కరెంటు పోయేది, నెట్టు పోయేది. "వేల ఏండ్లు నడిసొచ్చిన వెలుగు మన కాలేజీ వైఫై కాడ ఆగింది సూడు," అని టిఫిన్ డబ్బా తెరిచేది. సగం రొట్టె నాకు పెట్టకుండా ఏనాడూ తినలేదు.

ఒకసారి సెమినార్‌లో నేను "చనిపోతున్న నక్షత్రం" అన్నాను. వెనక బెంచీలోంచి ఆమె గొంతు వినిపించింది. "సస్తాంది అనకు బిడ్డా. ఇస్తాంది అను." ఆ మాట నాకప్పుడు ఎంతో నచ్చింది. ఇప్పుడు ఆ మాట మీదే కోపం వస్తోంది. ఇచ్చేవాళ్ళు పోకుండా ఇవ్వలేరా?

ఇక అసలు సంగతి చెప్పాలి. ఒక నక్షత్రం బొమ్మలో, మధ్యనున్న నక్షత్రపు మిరుమిట్లను లెక్క ప్రకారం తీసేశాక, తెలిసిన వలయాలన్నిటికీ బయట చాలా మసకగా ఒక వంపు కనిపించింది. నిజమైతే, అంత పాత ధూళి అంత దూరం చెక్కుచెదరకుండా బతికిందన్నమాట. నా థీసిస్ దాని మీదే నిలుస్తుంది. నేను ఎగిరి గంతేశాను. మేడం మాత్రం కళ్ళజోడు తుడుచుకుని "తిప్పి చూసినవా?" అంది.

అది ఆమె పద్ధతి. అదే నక్షత్రాన్ని టెలిస్కోపు మరోసారి కాస్త తిరిగి ఉండగా చూసిన బొమ్మ కావాలి. టెలిస్కోపుతో పాటు వంపు కూడా తిరిగితే అది టెలిస్కోపు లోపల చెదిరిన వెలుగు. తిరగకుండా ఉన్నచోటే ఉంటే అది ఆకాశానిది. అటువంటి రెండో బొమ్మ ఉంది, కానీ వేరేవాళ్ళది, ఇంకా తెరుచుకోలేదు. "గప్పటిదాక నోరు మూస్కో," అంది. ఆమె మాత్రం మూసుకోలేదు. ఇంటికి పోయి వాళ్ళక్కకు చెప్పేసింది.

ఆ ఎదురుచూపులోనే క్యాన్సర్ బయటపడింది. చూస్తుండగానే మనిషి మంచానికి అతుక్కుపోయింది. దవాఖానలో నన్ను చూడగానే అడిగేది ఒకటే, "తెరిసిండ్రా?"

"వచ్చే వారం మేడం."

"గప్పటిదాక ఉంటనా?"

"ఉంటరు మేడం."

"నిన్ను అడుగుతలేను. డాక్టర్‌ను అడుగుతాన."

డాక్టర్ అక్కడే ఉన్నాడు. సెలైన్ సీసా వంక చూశాడు. మేడం నా వైపు తిరిగి, "ఏదొచ్చినా వచ్చి చెప్పాలె. తియ్యటి మాటలు మాత్రం వద్దు, నాకు షుగర్ గూడ ఉన్నది," అంది. నవ్వాను. బయటికి వచ్చి వరండాలో గోడకు తల ఆనించి నిలబడ్డాను. ఆ వారం గడవకముందే పెద్దమ్మ ఫోన్ వచ్చింది.

ఆ రెండో బొమ్మ దినాల నడుమ తెరుచుకుంది. మేడం గదిలో, ఆమె కుర్చీ పక్కన నా కుర్చీ వేసుకుని పని చేశాను. మిరుమిట్లు తీసేశాను. వంపు ఉంది. టెలిస్కోపు ఎంత తిరిగిందో అదీ అంతే తిరిగి ఉంది. మళ్ళీ చేశాను. అక్కడా ఇక్కడా లెక్కలు మార్చి చూశాను. దేవుడికి మొక్కి కూడా చూశాను. ప్రతిసారీ తిరిగింది. మేం ఆశ పెట్టుకున్నది ఆకాశంలో లేదు. నేను చేసింది సరేనా అని అడగడానికి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. కుర్చీ చేతిని పట్టుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను.

పదో దినాన డాబా మీద పిట్టకు, అంటే కాకికి, పెట్టారు. పిట్టగోడ మీద విస్తరి పరిచి అన్నం, బెండకాయ పులుసు, గారెలు, పక్కన గ్లాసులో చాయ్. పక్కింటి నీళ్ళ ట్యాంకు మీద కాకులు కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని మా నమ్మకం. వాళ్ళ బావగారు చేతులు జోడించి, "నీ పుస్తకాలు పిల్లలకిస్తం," అన్నాడు. రాలేదు. "మీ అక్కను మంచిగ సూసుకుంట," అన్నాడు. రాలేదు.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "దాని పానం ఆ వలయంల ఉన్నది బిడ్డా. ఉన్నదని చెప్పు."

రెండో బొమ్మలో ఏం తేలిందో నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నా మొహం చూసి బావగారికి అర్థమైనట్టుంది. దగ్గరికి వచ్చి, "ఉన్నదో లేదో మాకేం ఎరుక? ఉన్నదనే అను తల్లీ. దాని ఆత్మ సల్లగుంటది," అన్నాడు మెల్లగా. డాబా మీద అందరూ నన్నే చూస్తున్నారు. ఒక్క మాట. అనేస్తే అందరికీ ప్రాణం కుదుటపడుతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"మేడం," అన్నాను, "తిప్పి చూసిన. లేదు మేడం. అది టెలిస్కోపుది."

ఎవరో పెదవి చప్పరించారు. ఆయన మొహం తిప్పుకున్నాడు. పెద్దమ్మ మాత్రం నా దగ్గరికి జరిగింది.

"లేదా?"

"లేదు పెద్దమ్మా."

కాకులు ట్యాంకు మీదే ఉన్నాయి. ఇక ఆవుకు పెట్టేద్దామని కర్మ చేయిస్తున్న అయ్యగారు అన్నాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "లేదన్న మాట ఇప్పుడే గద ఇన్నది. అది ఊకెనే ఒప్పుకునే మనిషా? ఆలోచన చేస్తాంది. జర ఆగుండ్రి," అంది.

ఆగాం. ఎండ ఎక్కింది. అన్నం పైన తేమ ఆరిపోతోంది. పెద్దమ్మ స్టూలు లాక్కుని పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. చెల్లెలి అన్నం ఎండిపోకుండా చీర కొంగు విప్పి, రెండు చేతులతో విస్తరి మీద నీడ పట్టింది. అంత దగ్గరగా మనిషి కూర్చుంటే ఏ కాకీ వాలదని ఆమెకు చెప్పడం మాలో ఎవరి వల్లా కాలేదు.