గంటా నలభై నిమిషాల ప్రయాణం

మా అన్న లారీ డ్రైవరు. మాచర్ల నుంచి నాపరాళ్ళు వేసుకుని గుజరాత్ వెళ్ళాడు. ఒకరోజు పొద్దున్నే అతని ఫోన్ నుంచి కాల్ వచ్చింది. మాట్లాడింది అహమ్మదాబాద్ ఆసుపత్రిలో నర్సు. లారీ బోల్తా పడిందట, కాలు నలిగిపోయిందట, వెంటనే ఇంటివాళ్ళు రావాలట.

ఫోన్‌లో వెతికాను. హైదరాబాద్ నుంచి విమానంలో తొమ్మిది వందల కిలోమీటర్ల లోపే. గంటా నలభై నిమిషాలు. రెండు టికెట్లు కొన్నాను. మధ్యాహ్నానికి అన్న దగ్గరుంటాం అనుకున్నాను.

మిరపకాయలు కోస్తున్న వదినను చేలో నుంచే కారెక్కించాను. సాగర్ దాటాక వదినది ఒకటే ప్రశ్న.

"గంటా నలభై నిమిషాలేగా అబ్బాయా?"

"అంతే వదినా."

శంషాబాద్ చేరేసరికి పదకొండు. గేటు దగ్గర జవాను ఆధార్ అడిగాడు. వదిన చేతిలో ఏమీ లేదు. ఫోన్‌లో ఉన్న ఫొటో చూపిస్తే కుదరదన్నాడు. ప్రభుత్వ యాప్‌లో తెరిస్తే ఒప్పుకుంటామన్నాడు. తెరవాలంటే ఓటీపీ కావాలి. ఆమె ఆధార్‌కున్నది అన్న నంబరు. ఆ ఫోన్ ఆసుపత్రిలో ఉంది.

నర్సుకు ఫోన్ చేశాను. వచ్చీరాని హిందీలో బతిమాలాను. ఆమె అంకెలు చదివేలోపు గడువు దాటిపోయింది. రెండోసారి కుదిరింది. లోపలికి పరిగెత్తాం. కౌంటర్ మూసేశారు.

"మా అన్న చావుబతుకుల్లో ఉన్నాడమ్మా," అని చేతులు జోడించాను. అక్కడున్న అమ్మాయి తలదించుకుని, నాలుగింటికి ఇంకో విమానం ఉందంది.

అప్పుడే డాక్టర్ ఫోన్ చేశాడు. నలిగిన కాలి నుంచి విషం పైకి పాకుతోంది, కాలు తీసేయాలి, భార్య ఒప్పుకోవాలి. వదినకు చెప్పాను.

"మనం పొయ్యేదాకా ఆగరంటనా?"

"ఆగితే మనిషే దక్కడంట వదినా."

నా చేతిలో ఫోన్ లాక్కుంది. అవతలివాడికి తెలుగు రాదని కూడా ఆలోచించలేదు.

"తీసెయ్యండయ్యా! మనిషిని మిగల్చండి చాలు!" అని అరిచింది. చుట్టూ జనం ఆగి చూశారు. ఫోన్ తీసుకుని ఆమె మాటలు హిందీలో డాక్టర్‌కు చెప్పాను. వదిన పెట్టెల బండి పక్కన నేల మీద కూలబడింది. ఆ చేతులకింకా మిరప ఘాటు ఉంది. వాటితోనే కళ్ళు తుడుచుకుంది. నీళ్ళు తెచ్చి కడుక్కోమంటే వద్దంది.

రాత్రి మేము ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆపరేషన్ అయిపోయి అన్నకు మెలకువ వస్తోంది.

"ఎట్టా వచ్చావే ఇంత దూరం?" అన్నాడు.

"విమానంలో."

"భయమెయ్యలా?"

అన్న చెయ్యి దుప్పటి కింద కాలు కోసం తడుముతోంది. వదిన ఆ చెయ్యి పట్టుకుంది.

"తీసెయ్యమంది నేనేనయ్యా. నన్నే తిట్టు," అంది.

అన్న తిట్టలేదు. గోడవైపు తిరిగి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున వదిన గంజి తాగిస్తుంటే, "నువ్వు తిన్నావా?" అని అడిగాడు.