పోయిన వారం గుర్తులేని మాస్టారు

రామ్‌ప్రసాద్ గారికి పోయిన వారం అనేది ఉండదు. నిన్న ఉంటుంది, నిరుడు ఉంటుంది, కాకినాడ కాలేజీలో తన పక్కన కూర్చున్నవాడి ఇంటిపేరు కూడా ఉంటుంది. పోయిన శుక్రవారం తాను చెప్పిన పాఠం మాత్రం ఉండదు.

మా దూరవిద్య స్టడీ సెంటరు ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక దర్జీ కొట్టు పైన గదిలో నడుస్తుంది. పని కోసం బహ్రెయిన్ వచ్చి, ఊళ్ళో ఆగిపోయిన చదువును డిగ్రీ దాకా లాగాలనుకునేవాళ్ళకి ప్రతి శుక్రవారం తెలుగులో క్లాసులు. చెప్పేవాళ్ళమంతా పార్ట్‌టైమే. రామ్‌ప్రసాద్ గారు వారమంతా సీఫ్‌లో ఒక ఆఫీసులో పనిచేసి, శుక్రవారం ఇక్కడ ఆర్థికశాస్త్రం చెబుతారు. ఆయన దిగాక అదే గదిలో నేను పర్యావరణశాస్త్రం చెప్పాలి. ఆయన దిగితే కదా!

చంకలో పాప, భుజాన పాప సంచీ, సంచీలో థర్మామీటరు. ఇదీ గుమ్మం దగ్గర నా అవతారం. లోపల ఈ సంభాషణ.

"పోయిన వారం ఎక్కడ ఆపాం?"

"డిమాండు సూత్రం అయిపోయిందండీ సారూ," అంటాడు బుజ్జిబాబు. ఏదో షాపు గోడౌన్లో పనిచేసే కోనసీమ కుర్రాడు, ముందు వరస.

"చెప్పానా?"

"ఆయ్, చెప్పారండీ."

"నేనే?"

"మీరేనండీ. ఈ చొక్కాతోనే."

"గుర్తులేదయ్యా. సరే, రాసుకోండి."

ఇక డిమాండు సూత్రం మొదటి అక్షరం నుంచి మళ్ళీ మొదలు. అది ముగిశాక ఆ వారం కొత్త పాఠం. అదయ్యేసరికి నా క్లాసు టైము సగం కరిగిపోయి ఉంటుంది.

ఒకసారి సమోసాలతో పాఠం చెప్పారు. మొదటి సమోసాలో ఉన్న సుఖం రెండోదాంట్లో ఉండదనీ, నాలుగోది తినాలంటే ఎవరో బతిమాలాలనీ, తిన్నకొద్దీ ప్రయోజనం తగ్గుతుందనీ సూత్రం. మరుసటి వారం అదే పాఠం, మళ్ళీ సమోసాలు.

బుజ్జిబాబు లేచాడు. "సారూ, ఈ సూత్రం ప్రకారం పాఠం రెండోసారి వింటే ప్రయోజనం తగ్గాలి కదండీ?"

"తగ్గాలి. కానీ మొదటిసారి నువ్వు నిద్రపోయావు. నీకిదే మొదటి సమోసా. తిను."

ఇంకోసారి నేనే ముందుగా వచ్చి బోర్డు మీద 'డబ్బు విధులు: పోయిన వారం అయిపోయింది' అని గుమ్మడికాయంత అక్షరాలతో రాశాను. ఆయన వచ్చి కళ్ళజోడు సర్దుకుని చదివారు. "ఎవరిదో గాని ముత్యాల్లాంటి దస్తూరీ," అని మెచ్చుకుని, డస్టరు తీసి శుభ్రంగా తుడిచి, డబ్బు విధులు మొదలుపెట్టారు.

నేను చదివింది కెమిస్ట్రీ. ఒక ఫలితం మిగతావాటితో కలవకపోతే నాకు నిద్ర పట్టదు. ఆయన మతిమరుపు దేనితోనూ కలవదు. మేమిద్దరం ఒకే బిల్డింగులో ఉంటాం, నా క్లాసు కూడా అయ్యాక తన కారులోనే మమ్మల్ని ఇంటికి తీసుకెళ్తారు. దారి పొడుగునా ప్రశ్నలే.

"అమ్మా, పాపకి ఆ గులాబీరంగు మందు పడలేదని వేరేది మార్చారు కదా, అది పడిందా? కుడిచెవి లాక్కుంటోందన్నావు, తగ్గిందా?"

ఏ చెవో నేనే మర్చిపోయాను!

"ఇవన్నీ గుర్తుంటాయి, పాఠమెందుకు గుర్తుండదు మాస్టారూ?"

"పాఠం పుస్తకంలో ఉంటుంది కదమ్మా. మళ్ళీ బుర్రలో కూడా పెట్టుకుంటే చోటు దండగ."

పరీక్షలు దగ్గరపడుతుండగా ఎవరో ఫిర్యాదు చేశారు. సెంటరు బాధ్యతలు చూసే పరశురాం గారు నాకు ఫోన్ చేశారు. "ఆయనకి మతి నిలవడం లేదటగా మేడం? శుక్రవారం నేనే వచ్చి కూర్చుంటాను. నిజమని తేలితే వేరే మనిషిని చూసుకోవాల్సిందే."

రామ్‌ప్రసాద్ గారు ఆ శుక్రవారం క్లాసు కోసమే వారమంతా బతుకుతారు. మెట్లెక్కి వాళ్ళింటికి పరిగెత్తాను. "ఈ ఒక్క వారం గుర్తుంచుకోండి మాస్టారూ!"

"ప్రయత్నిస్తానమ్మా," అన్నారు, పాప సాక్సు సరిచేస్తూ.

శుక్రవారం వచ్చింది. పరశురాం గారు వెనక బెంచీలో, అస్కర్ లేబర్ క్యాంపు నుంచి వచ్చే కిషన్ పక్కన కూర్చున్నారు. రామ్‌ప్రసాద్ గారు లోపలికొచ్చి పరశురాం గారిని చూశారు. పక్కనున్న కిషన్‌ని చూశారు. సుద్దముక్క అందుకున్నారు.

"పోయిన వారం ఎక్కడ ఆపాం?"

గుమ్మంలో నేను కళ్ళు మూసుకున్నాను. బుజ్జిబాబు కంగారుగా లేచాడు. "ద్రవ్యోల్బణం అయిపోయిందండీ సారూ! బెమ్మాండంగా చెప్పారండీ! అందరికీ వచ్చేసిందండీ!"

"గుర్తులేదయ్యా. రాసుకోండి."

పరశురాం గారు లేచారు. "రామ్‌ప్రసాద్ గారూ, నిజంగానే గుర్తులేదా?"

"లేదండీ."

"అయితే మీకు విశ్రాంతి కావాలండీ. వచ్చే వారం నుంచి..."

"సార్, జర ఆగుండ్రి," అని కిషన్ లేచాడు. "పోయిన శుక్రారం నేను రాలే. మా రూములుండే పరమేశ్ అచ్చిండు. మేమిద్దరం ఒకటే పని మీదున్నం సార్, ఒగడు దిగితెనే ఒగడు ఎక్కాలె. ఒక శుక్రారం ఆనికి ఛుట్టీ, ఒక శుక్రారం నాకు. సారు మల్ల చెప్పకుంటె ఇద్దరికీ సగం సగమే చదువు."

"ఒకరికొకరు చెప్పుకోవచ్చు కదా?"

"అదీ అయింది సార్. పరమేశ్‌గాడు చెప్పిన ద్రవ్యోల్బణం పరీక్షల రాస్తే, పేపరు దిద్దెటాయన నౌకరి ఇడిసిపెట్టి పోతడు."

క్లాసంతా గొల్లుమంది. రామ్‌ప్రసాద్ గారు మాత్రం దొంగతనంలో దొరికిపోయినట్టు ముఖం పెట్టి సుద్దముక్క నలుపుతున్నారు.

"ఈ మాట మీరే చెప్పొచ్చు కదండీ?" అన్నారు పరశురాం గారు.

"మొదట్లో వీళ్ళిద్దరికీ విడిగా చెబుతాను రమ్మన్నానండీ. మా కోసం మీకెందుకు తిప్పలని మొత్తానికే రావడం మానేశారు. బతిమాలి తెచ్చుకున్నాను. నా మతిమరుపుకైతే ఎవరూ మొహమాటపడరు కదండీ." అని కిషన్ వైపు తిరిగారు. "నీకెప్పటినుంచి తెలుసురా?"

"మొదటి నెలల్నే ఎర్కయింది సార్. మీరు అంత కష్టపడి మర్సిపోతున్నరు. మాకు ఎర్కని ఎట్ల చెప్పాలె?"

పరశురాం గారు మళ్ళీ బెంచీలో కూర్చున్నారు. "కానివ్వండి. ద్రవ్యోల్బణం నాకూ సరిగ్గా రాదు." క్లాసయ్యాక ఆర్థికశాస్త్రం ఇకమీద ఒక గంట ముందే మొదలయ్యేలా మార్చారు. నా క్లాసు నాకు దక్కింది.

ఆ మధ్యాహ్నం మేము ఇల్లు చేరేసరికి రామ్‌ప్రసాద్ గారి భార్య సాయికుమారి గారు గుమ్మంలోనే ఉన్నారు. బుజ్జిబాబు ఫోను మాకంటే ముందే చేరిపోయింది.

"మీకు మతిమరుపే లేదట కదా! అంటే కొత్తిమీర, మా తమ్ముడి పుట్టినరోజు, గ్యాసు బండ, అన్నీ కావాలనే మర్చిపోయారా?"

మాస్టారు దీనంగా నా వైపు చూశారు. "అమ్మా, నువ్వు సైన్సు చదివినదానివి. అవి నిజంగానే మర్చిపోయానని నువ్వైనా చెప్పు."

"రుజువు లేకుండా ఎలా చెప్పను మాస్టారూ?"

"రుజువూ వద్దు, ఏమీ వద్దు," అన్నారు సాయికుమారి గారు సంచీ ఆయన చేతికిస్తూ. "వెళ్ళి అల్లం, పచ్చిమిరపకాయలు పట్టుకురండి."

ఆయన బుద్ధిగా మెట్లు దిగారు. అడుగుల చప్పుడు కింది అంతస్తు దాకా వెళ్ళి ఆగింది. అక్కణ్ణుంచి గొంతు వినిపించింది.

"సాయీ... అల్లం, ఇంకేం తెమ్మన్నావు?"