కూర్చుంటేగానీ మార్కులెయ్యని మాస్టారు

మా మాస్టారికి ఒక్కటే జబ్బు. కనిపించిన ప్రతిదాని మీదా కూర్చుంటారు.

కూర్చోవడం కూడా జబ్బేనా, అందరూ కూర్చునేదేగా అంటారేమో. మీరూ నేనూ కాళ్ళు నొప్పెడితే కూర్చుంటాం. ఆయన అనుమానం వస్తే కూర్చుంటారు. అనుమానం ఆయనకి రోజంతా వస్తూనే ఉంటుంది. పైగా మనిషి నూట ఏడు కిలోలు. చెక్కపని డిప్లొమా చదివే పిల్లలు ప్రాజెక్టు కింద స్టూలో, బల్లో, కుర్చీయో చేసి తెస్తే కొలతలు చూడరు, పాలిష్ చూడరు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర కాస్త పైకి లాక్కుని, వెనక్కి తిరిగి కూలబడతారు. నిలిస్తే "హమ్మయ్య" అంటారు. నేను ఆ వర్క్‌షాపుకి స్టోర్‌కీపర్ని. ఉలులూ రంపాలూ రాసి ఇవ్వడం నా ఉద్యోగం. విరిగిన చెక్కల్లోంచి ఆయన్ని లేవదియ్యడం అదనపు బాధ్యత.

ఒక ఏడాది ఒకతను కుర్చీ చెయ్యకుండా బొమ్మ మాత్రం గీసి తెచ్చాడు. బొమ్మ అద్భుతంగా ఉంది. మాస్టారు ఆ కాగితాన్ని నేలమీద పరిచి దానిమీద కూర్చున్నారు.

"నడుమెక్కడ ఆనించాలి నాయనా?"

"సార్, అది డ్రాయింగండీ..."

"అదే నేనూ చెప్తున్నా. నా నడుముకి డ్రాయింగ్ ఆనట్లేదు."

అతను ఆ సాయంత్రమే కలప డిపోకి పరుగెత్తాడు.

ప్రిన్సిపాల్‌గారు ప్రతి ప్రాజెక్టుకీ ఒక ఫారం పంపేవారు. అందులో 'ఈ ప్రాజెక్టు వల్ల విద్యార్థికి అలవడిన వృత్తి నైపుణ్యాలు' అని అరచెయ్యంత గడి. మిగతా లెక్చరర్లు జట్టుపని, సమయపాలన, సమస్యా పరిష్కారం అని ఒకే ముక్క అన్ని ఫారాల మీదా దింపేసేవారు. మా మాస్టారు మాత్రం 'కూర్చున్నాను. లేచాను.' అని రాసేవారు. కుర్చీ బాగాలేకపోతే 'కూర్చున్నాను. లేపారు.'

"ఇదేం రాతండీ మాస్టారూ, పైవాళ్ళు చదువుతారు!" అని ప్రిన్సిపాల్‌గారు మొత్తుకున్నారు.

"చదవనివ్వండి. ఏ కుర్చీలో కూర్చుని చదివారో నాకో ముక్క రాయమనండి."

ఇంట్లోనూ ఇదే తంతు. "పెళ్ళిచూపులకి మా ఇంటికొచ్చినప్పుడు అందరూ నాకేసి చూస్తుంటే ఈయన మా సోఫా కింద తల పెట్టారు తమ్ముడూ. 'చాలా గట్టిది' అన్నారు. నా గురించేననుకుని మా నాన్న మురిసిపోయాడు" అని వాళ్ళావిడ ఒకసారి నాతో అంది. అంత కోపంగా ఏమీ చెప్పలేదు.

ఇక టేపమ్మాయి సంగతి. ఆఖరి సంవత్సరం అమ్మాయి, మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుండేది కాబట్టి ఆ పేరు. నోట్లో నాలుక లేని పిల్ల. ఆఖరి ప్రాజెక్టు చూడ్డానికి బయటినుంచి ఒక ఫర్నిచర్ కార్ఖానా యజమాని వచ్చేవాడు. ఏటా ఒక్కరిని ఉద్యోగంలోకి తీసుకునేవాడు. ఆ ఒక్కరూ తనే కావాలని ఈ పిల్ల పట్టుదల.

"రాకపోతే మా బాబాయి ఫోన్ల షాపులో కూర్చోమంటున్నాడండీ. పొద్దస్తమానం ఫోన్లకి గాజుముక్కలు అంటించాలి" అని ఉలి తీసుకోడానికొచ్చి నాతో అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ కోసం కుర్చీ చెయ్యడం ఆమె ప్రాజెక్టు. మొదటి కుర్చీ తెచ్చింది. మాస్టారు కూర్చున్నారు. మరుక్షణం నేలమీదున్నారు. క్లాసంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. ఆయన కింద పడి ఉండే అడిగారు.

"అమ్మాయ్, జిగురు ఆరడానికి ఎన్నాళ్ళిచ్చావ్?"

"ఒక పూటండీ. రోజులు చాల్లేదు..."

"అన్నిటికీ రోజులేశావు, జిగురుకి మాత్రం వెయ్యలేదు. తేదీలు మళ్ళీ రాసుకురా."

రెండో కుర్చీ ఆయన్ని మోసింది. హమ్మయ్య అన్నారు, లేచారు. అయినా మార్కులు పడలేదు.

"మీ అమ్మమ్మ ఇందులోంచి లేచిందా?"

"లేస్తుందండీ."

"లేస్తుందా, లేచిందా? అడిగొచ్చావా?"

మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చింది. "లేవలేకపోయింది సార్. 'కుర్చీ బాగుందే తల్లీ, ఇంక ఇందులోనే ఉండిపోతాలే' అంది."

దాంతో పిల్లకి పట్టుదల పెరిగింది. ఆసుపత్రి వరండాలో కూర్చున్న ముసలివాళ్ళ మోకాళ్ళ ఎత్తు కొలిచింది. లేచేటప్పుడు చేతులు ఎక్కడ ఆనిస్తారో చూసి రాసుకుంది. డిపో ఆసామి ముడి ఉన్న చెక్క అంటగడితే "ఇది వద్దండీ, మార్చండి" అని రెండుసార్లు వెనక్కి తీసుకెళ్ళింది. ఆ ఆసామితో గొంతెత్తి మాట్లాడాలంటే నాకే గుండె దడ. మూడో కుర్చీలోంచి అమ్మమ్మ తనంతట తను లేచిందట.

పరీక్ష రోజు ఆ కుర్చీని స్టోర్లోంచి హాల్లోకి మోసుకెళ్ళే పని నాది. మెట్ల మీద కాలు జారింది. నేను నిలదొక్కుకున్నాను, కుర్చీ దొర్లింది. పైకేమీ కనబడలేదు గానీ వెనక కాలు సీటుని కలిసేచోట చిట్‌మంది. హాల్లో యజమాని అప్పటికే వచ్చి ఉన్నాడు. మాస్టారి చెవిలో విషయం ఊదాను. ఆయన ఆ అతుకు మీద వేలు పెట్టి రుద్ది చూశారు.

"నోర్మూసుకుని పక్కన నిలబడు" అని గబుక్కున వెళ్ళి అందులో కూర్చున్నారు.

"లేవండి మాస్టారూ, నేను కూర్చుని చూడాలి" అన్నాడు యజమాని.

"మోకాలు పట్టేసింది బాబూ. ముందు ప్రశ్నలు కానివ్వండి."

యజమాని అడుగుతున్నాడు, పిల్ల చెబుతోంది. సీటు ఎందుకింత ఎత్తు, చేతులు ఎందుకు ముందుకొచ్చాయి, ఏ పని ఎన్ని రోజులు వెనకబడింది, ఎందుకు వెనకబడింది. ఎక్కడా తడబడలేదు. తడబడుతున్నవి మాస్టారి మోకాళ్ళు. నుదుటి మీంచి చెమట ధారకట్టింది. అప్పుడర్థమైంది నాకు. ఆయన కూర్చోలేదు. గోడ లేకుండా గోడకుర్చీ వేశారు!

పిల్ల చెబుతున్నదల్లా ఆగిపోయింది.

"సార్, మీరు కూర్చోలేదు."

"కూర్చున్నానమ్మా. నువ్వు చెప్పు."

"లేదు సార్. కూర్చుంటే హమ్మయ్య అంటారు. ఇవాళ అనలేదు. నా కుర్చీకి ఏదో అయింది, లేవండి, చూస్తాను."

లేవబోయారు. కాళ్ళు ఎప్పుడో చచ్చుబడ్డాయి. నూట ఏడు కిలోలూ ఒక్కసారి కిందికి దిగాయి.

హాలంతా గొల్లుమంది. యజమాని కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. పిల్ల ఒక్కతే నవ్వలేదు. మాస్టారిని లేపి, నేలమీద కూలబడి విరిగిన కాలు తిప్పి చూసింది.

"జిగురు ఊడలేదండీ, చెక్క చీలింది. దెబ్బ తగిలి చీలింది. ఈ కాలు మార్చాలి. ఎల్లుండిదాకా ఎవరూ కూర్చోకూడదు."

"నేనే పడేశానండీ" అన్నాను. అనకపోతే అన్నం సహించేది కాదు.

యజమాని నవ్వు ఆపి ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని ఆ చీలిక చూశాడు. చాలాసేపు చూశాడు.

"మార్కులు ఎల్లుండి కుర్చీ ఆరాక వేస్తాను. నువ్వు మాత్రం ఆరక్కర్లేదు, ఒకటో తారీఖున పనిలోకి వచ్చెయ్" అన్నాడు. తర్వాత మాస్టారికేసి తిరిగి, "విరిగినదాన్ని కప్పిపెట్టేవాళ్ళు మా కార్ఖానాలో బోలెడుమంది ఉన్నారు లెండి" అన్నాడు. మాస్టారు బుద్ధిగా తలూపారు.

సాయంత్రం స్టోర్లో ఆయన నడుముకి మందు రాస్తూ అడిగాను.

"విరుగుతుందని తెలిసి ఎందుకెక్కారు మాస్టారూ?"

"ఖాళీ కుర్చీ విరిగితే చేసినవాళ్ళని చూసి నవ్వుతారోయ్. పైన నేనుంటే నన్ను చూసి నవ్వుతారు. ఆ నవ్వుల్లో పిల్లలు తప్పు దిద్దుకుంటారు."

"అంటే ఇన్నేళ్ళూ పడ్డవన్నీ..."

"ముప్ఫై ఏళ్ళ సర్వీసు. వేలు పెడితే తెలీదూ?"

"అన్నీ తెలిసే పడ్డారా?"

ఆయన చొక్కా కిందికి లాక్కున్నారు.

"రెండు మాత్రం అన్యాయంగా పడేశాయి" అన్నారు.

ఆ రెండూ ఎవరు చేసినవో ఎంత అడిగినా చెప్పలేదు.