అద్దం మీద దుప్పటి

అతన్ని వీధిలో అందరూ అరగంట అనే పిలిచేవాళ్ళు. జుట్టు అడవిలా పెరిగినవాడు కూర్చున్నా, నెత్తిన నాలుగు వెంట్రుకలున్న పెద్దమనిషి కూర్చున్నా, అతని కుర్చీలోంచి లేచేసరికి సరిగ్గా అరగంట పట్టేది. "నాలుగు వెంట్రుకలకి కూడా అరగంటేనా?" అని ఎవరైనా గొణిగితే, "ఎక్కువున్నప్పుడు కొయ్యడం తేలికండీ. నాలుగే ఉన్నప్పుడు దేన్ని కొయ్యాలో తేల్చుకోవద్దూ?" అనేవాడు.

రెండు వీధులు కలిసే మూలన చిన్న క్షౌరశాల. నేలకి బోల్టులతో బిగించిన ఒకే ఒక్క కుర్చీ, దాని ఎదుట గోడంతా అద్దం. ఇరవై రెండేళ్ళుగా అతని లోకం ఆ రెంటి మధ్యే. కత్తెర పని ఎవరైనా నేర్చుకోవచ్చు గానీ, గొంతు మీద కత్తి ఆడించడంలో అతని పనితనం వేరు. కళ్ళు మూసుకుని గడ్డం చేయించుకుంటూ నిద్రపోయేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు.

అలాంటివాడి కాళ్ళు ఏడాది కిందట మొరాయించాయి. మొదట ఎడమ పాదం కాస్త ఈడ్చుకునేది. తర్వాత చదునైన నేల కూడా పరుపు మీద నడిచినట్టు మెత్తగా అనిపించేది. నాలుగడుగులు వేస్తే గోడ వెతుక్కునేవాడు. "పొద్దున్నే పుచ్చుకుంటున్నాడు పాపం," అని వీధిలో చెవులు కొరుక్కున్నారు. మందు వాసన కూడా పడనివాడు అతను. ఒకరోజు బడి హెడ్మాస్టరుగారి గడ్డం గీస్తూ తువ్వాలు కోసం పక్కకి తిరిగాడు. నేల జారిపోయినట్టయింది. కత్తి పట్టిన చెయ్యి దూరంగా చాచి, పౌడరు డబ్బాతో సహా తను కూలబడ్డాడు. హెడ్మాస్టరుగారికి గీత కూడా పడలేదు. కానీ ఆ మధ్యాహ్నం అతను కత్తిని శుభ్రంగా తుడిచి, పెట్టెలో పెట్టి, భార్య చేతికిచ్చాడు.

"నేను అడిగినా ఇవ్వకు."

పరీక్షలన్నీ అయ్యాక జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని చెప్పారు. "కరెంటు తీగ మీద తొడుగు అక్కడక్కడా అరిగిపోతే దీపం మిణుకు మిణుకుమంటుంది చూడండి, మీ నరాల సంగతీ అంతే," అన్నాడు డాక్టరు. జబ్బు జోరు తగ్గించడానికి మందులు, తూలడం తగ్గడానికి ఫిజియోథెరపీ రాశాడు.

"ఆ పేరు పలికేలోపు బస్సు ఒక స్టాపు దాటిపోతుంది," అన్నాడు వెంట వచ్చిన బావమరిది. అతను బస్సు కండక్టరు. అక్క మొహంలో నవ్వు కనిపిస్తే తప్ప ఊరుకోని మనిషి.

భర్త మాత్రం నిజంగానే తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "పోన్లే, పేరంటూ ఒకటుంది. ఇక తాగుబోతు అనరు."

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వయసులో చాలా చిన్నది, గొంతు మాత్రం బళ్ళో టీచరుది. మొదటి రోజే అతను సూటిగా అడిగేశాడు. "మళ్ళీ కత్తి ఎప్పుడు పట్టొచ్చమ్మా?"

"ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్ళు ఆనించి, దేన్నీ పట్టుకోకుండా, తల అటూ ఇటూ తిప్పుతూ ముప్పై లెక్కపెట్టేదాకా నిలబడండి. ఆ రోజు మాట్లాడదాం."

ఆ మొదటిరోజు ఆరు లెక్కపెట్టేసరికి ఆమె అతని నడుం పట్టీ పట్టుకుని ఆపాల్సి వచ్చింది. దళసరి స్పాంజి మీద నిలబడడం, ఒంటికాలి మీద బరువు మోపడం, అలా కొన్ని కసరత్తులు నేర్పింది. వెనక గోడ, ముందు పట్టుకోవడానికి కదలనిదేదైనా, పక్కన ఒక మనిషి ఉండాలంది. అలిసిపోతే ఆపెయ్యాలి, ఎండ ముదిరాక అసలు చెయ్యకూడదు. నెలన్నర తర్వాత రమ్మంది.

కదలనిదంటే అతనికి తన కుర్చీయే గుర్తొచ్చింది. అలా ప్రతి ఉదయం షాపు తలుపు ఓరగా వేసి, కుర్చీకి ఇవతల నిలబడేవాడు. డ్యూటీకి వెళ్ళే ముందు కండక్టరు పక్కన కాపలా.

"పద్నాలుగేళ్ళుగా కదిలే బస్సులో నిలబడుతున్నాను బావా. నువ్వేమో కదలని నేల మీద ఊగుతున్నావు. నా ఉద్యోగం నీకొస్తే ప్రయాణికుల ఒళ్ళోనే టికెట్లు కొడతావు."

"లెక్కపెట్టరా, వాగకు."

నెల తిరిగేసరికి లెక్క ఇరవై దాటింది. నెలన్నరకి నలభై! కండక్టరు "రైట్ రైట్!" అని అరిచిన అరుపుకి ఎదురింటి వాళ్ళు కిటికీ తీశారు. మర్నాడు ముగ్గురూ ఫిజియోథెరపీ గదికి పెళ్ళివారిలా వెళ్ళారు. భార్య సంచిలో కత్తిపెట్టె కూడా పెట్టుకుంది, భర్తకి చెప్పకుండా.

ఆ గదిలో ఎదురుగా ఉన్నది ఒట్టి ఆకుపచ్చ గోడ. పాదం ముందు పాదం పెట్టాడు. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర ఒళ్ళంతా పక్కకి ఒరిగిపోయింది. మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి అయిదే.

అతను బల్ల మీద కూర్చుని మోకాళ్ళకేసి చూస్తూ, "ముదిరిందమ్మా. నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత తేడా అంటే ముదిరినట్టేగా? ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చేస్తాను," అన్నాడు. భార్య సంచిని గట్టిగా గుండెకి హత్తుకుంది.

"నిన్న షాపులో నలభై లెక్కపెట్టింది నేనండీ," అన్నాడు కండక్టరు. "ఒట్టు. తప్పుడు టికెట్టు ఎన్నడూ కొట్టలేదు."

ఆ అమ్మాయి అడిగింది. "షాపులో ఎటు తిరిగి నిలబడతారు?"

"కుర్చీకి ఎదురుగా."

"కుర్చీకి అవతల ఏముంది?"

"అద్దం."

"తల తిప్పినప్పుడు ఎక్కడ చూస్తారు?"

అతను తడబడ్డాడు. "అంటే... చెంపల దగ్గర జుట్టు రెండువైపులా సమంగా ఉందో లేదో అద్దంలోనే చూసుకుంటామమ్మా. అలవాటు. అలాగే నా భుజాలు రెండూ సమంగా ఉన్నాయా అని చూసుకుంటూ... తల తిరిగినా కళ్ళు అక్కడే ఉంటాయి."

ఆమె అతన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ తలుపుకి నిలువుటద్దం ఉన్న బీరువా ఉంది. దాని ముందు నిలబెడితే ముప్పై అయిదు. తన తెల్లకోటు విప్పి అద్దం మీద వేలాడదీసింది. ఆరు.

"మీ జబ్బు ముదరలేదు," అంది నవ్వుతూ. "మనిషి నిలబడాలంటే కళ్ళు, పాదాలు, చెవి లోపలి భాగం మూడూ కలిసి పనిచెయ్యాలి. మీరు చాకిరీ అంతా కళ్ళకి అప్పజెప్పి పాదాలకి సెలవిచ్చారు. గడ్డం గీసేటప్పుడు మీ చూపు ఎదుటివాళ్ళ గొంతు మీద ఉండాలి కదా? మీ భుజాల్ని ఎవరు చూసుకుంటారు? అద్దం మూసెయ్యండి. మళ్ళీ మొదట్నించి."

మళ్ళీ మొదట్నించి అన్నందుకు అతను ఆ అమ్మాయికి రెండు చేతులూ జోడించాడు. పోయిన ప్రాణం లేచొచ్చినట్టుంది. దారిలో కండక్టరు అక్కతో, "పరీక్ష తప్పి ఇంత సంబరపడేవాణ్ణి ఎక్కడా చూళ్ళేదే," అన్నాడు. "నువ్వు పది తప్పినప్పుడు చూళ్ళేదేంటి?" అంది అక్క.

ఆ సాయంత్రమే ఆమె ఇంట్లోంచి రెండు దుప్పట్లు తెచ్చి అద్దం మీద మేకులకి తగిలించింది. చూపు ఆనని ఆ గుడ్డ ముందు పాదాలు బద్ధకం వదిలించుకోవడానికి చాలాకాలం పట్టింది. పన్నెండుకి ఎక్కిన లెక్క అలసట కమ్మిన రోజున నాలుగుకి దిగేది. అప్పుడు కూర్చుని మంచినీళ్ళు తాగేవాడు. మూడో నెలాఖర్లో ఆ అమ్మాయే షాపుకి వచ్చి చూసింది. దుప్పటి కట్టిన అద్దం ముందు, తల అటూ ఇటూ తిప్పుతూ, ముప్పై. తర్వాత ముప్పై ఒకటి, ముప్పై రెండు.

"చాలు చాలు," అందామె. "తుంటి కుర్చీ చేతికి ఆనించి పని చెయ్యండి. తువ్వాలు వెనక కాదు, ముందు పెట్టుకోండి. కాళ్ళు అలిసిన రోజు కత్తి ముట్టొద్దు. జబ్బు ఎక్కడికీ పోలేదు, గుర్తుంచుకోండి."

భార్య సంచిలోంచి పెట్టె తీసి, మూత తెరిచి, అతని ముందు పెట్టింది. "నువ్వు అడగలేదు. నేనే ఇస్తున్నాను."

కండక్టరు అప్పటికే కుర్చీలో వెనక్కి వాలాడు. "బావా, అక్కకి తమ్ముణ్ణి నేనొక్కణ్ణే."

"మాట్లాడకు, దవడ కదులుతుంది."

నురగ రాశాడు. ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని సాగదీసి, కత్తి ఆనించాడు. గదిలో ఇక ఆ గీకుడు చప్పుడు ఒక్కటే. తువ్వాలు కోసం ముందుకి చెయ్యి చాచినప్పుడు భార్య ఒక అడుగు ముందుకేసింది. అతని పాదాలు మాత్రం అక్కడే ఉన్నాయి. పటిక రాసి, తుడిచి, కత్తి మడిచేదాకా కుర్చీలో మనిషి కిక్కురుమనలేదు.

తర్వాత కండక్టరు గోడ గడియారం చూసి లేచాడు. "నలభై అయిదు నిమిషాలు! ఇక నిన్ను ముప్పావుగంట అని పిలవాలి. ఇంతకీ ఎలా గీశావు? దుప్పటి తియ్యి, చూసుకోవాలి."

అతను అద్దం వైపు కూడా తిరగలేదు. కత్తి తుడుస్తూ నవ్వాడు.

"మీ అక్కనడుగు."

అక్క అప్పటికే తమ్ముడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. చూస్తూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రెండువైపులా సమంగానే ఉంది," అంది.