లతీఫుద్దీన్ చూడని పిన్ను

మా ఆయన పేరు లతీఫుద్దీన్. కోరుట్లల ఆయనను అందరు హెలికాప్టర్ చాచా అనేటోళ్లు. గల్ఫ్ పోయినోళ్లు మా గల్లీల ఇంటికొకలున్నరు గని, హెలికాప్టర్ తోక విప్పి బిగించినోడు ఈయనొక్కడే. మొదలు జగిత్యాలల మోటర్లకు వైండింగ్ చేసేటోడు. ఇరవై రెండేండ్లప్పుడు గల్ఫ్ పోయి, సముద్రంల నూనె బావుల కాడికి మనుషులను మోసే కంపెనీల హెల్పర్‌గ చేరిండు. పరీక్షలు రాసి రాసి, పదకొండేండ్లకు, ఇంకొకలు చేసిన పనిని చూసి సంతకం పెట్టే పెద్దరికం తెచ్చుకున్నడు.

సెలవు మీద వచ్చినప్పుడు నాకు ఆ పని చెప్పేటోడు. ఐదో తరగతి చదివినదాన్ని, నాకేమర్థమైతదంటే ఇనకపోయేది.

"టేబుల్ ఫ్యాన్ చేతిల పట్టుకొని స్విచ్చేస్తే ఏమైతది?"

"చెయ్యి గుంజుతది."

"ఎటు? రెక్కలు తిరిగే దానికి ఉల్టా గుంజుతది. హెలికాప్టర్ మీద గంత పెద్ద రెక్కలు తిరుగుతుంటే కింద మనుషులు కూసునే డబ్బ ఉల్టా తిరగచూస్తది. దాన్ని పట్టి ఆపేదే తోకకున్న చిన్న పంక."

ఆ చిన్న పంక ఎప్పుడు ఒక్క వేగంతోనే తిరుగుతదట. బలం ఎక్కువ తక్కువ చెయ్యాల్నంటే రెక్కల వాలు మార్చాలె. నేను దాబా మీద బియ్యం చెరుగుతుంటే నా చేతిల చాట తీసుకొని చూపించిండు. గాలికి అంచు పెట్టి సాపుగ పట్టుకుంటే ఏం కాలే. ముందంచు ఇంత లేపంగనే చాట చేతులల్లనే పైకి లేచింది. మరీ లేపితే లేవుడు బందై ఎనుకకు నెట్టుడే మిగిలింది.

"గంతే కుల్సుమ్. పైలట్ కాళ్ల కింద పెడల్లుంటయి. తొక్కితే ఈ వాలు మారుతది. రెక్కకొక సన్న కడ్డీ, కడ్డీకొక నట్టు, నట్టు ఊడకుండ అడ్డం ఒక పిన్ను. ఆ పిన్ను లేకపోతే నట్టు ఊడుతది, కడ్డీ జారుతది, రెక్క దానిష్టం అచ్చినట్టు మల్లుతది. ఇగ పైలట్ ఎంత తొక్కినా తోక ఇనది."

అందుకే పిన్ను ఒకలు పెడుతరు, ఇంకొకలు చూస్తరు. ఇద్దరి సంతకాలుంటయి. మా ఆయన టార్చి వేసి చూసుడే కాదు, గోరుతోని పిన్నును తాకి చూసేటోడు.

మా ఆయన దోస్తు ఎల్లన్నది సిరిసిల్ల. మా ఆయనే చెప్పి ఆయనను ఆ కంపెనీల పెట్టిచ్చిండు. ఎనిమిదేండ్లు ఇద్దరు ఒక్క రూమ్‌ల ఉన్నరు, ఒక్క గిన్నెల వండుకున్నరు. కేరళాయన పనైనా, ఫిలిప్పీన్ ఆయన పనైనా వేలు పెట్టి చూసే మా ఆయన, ఎల్లన్న చేసినదానికి మాత్రం చూడకుండనే సంతకం పెట్టేటోడు. మన దిక్కు మనిషి పనిని పరీక్ష చేస్తే నమ్మకం లేదన్నట్టే గద అనుకున్నడు.

రెండువేల పదకొండు ఫిబ్రవరిల, ఎల్లన్న తోక రిపేర్ చేసి, మా ఆయన సంతకం పెట్టిన హెలికాప్టర్‌ను ఒక పైలట్ పరీక్షకు లేపిండు. పెడల్ల కదలిక పాదాలకు తెల్వాలని ఆయన అడుగు పలుచగున్న బూట్లు ఏసుకునేటోడట. రెండు తాటిచెట్ల ఎత్తు లేచి నీళ్ల మీద ఆగిందో లేదో, తోక గజగజ వణికింది. డబ్బ గిర్రున తిరిగింది. ఎత్తుల ఉంటే ఇంజన్ తగ్గించి, ఉత్త గాలికి తిరిగే రెక్కల మీద జారుకుంట దిగొచ్చట. ఇంజన్ గుంజకపోతే డబ్బ తిరుగుడూ ఉండదట. గంత కిందికి ఉన్నప్పుడు ఆ పైలట్‌కు టైం చిక్కలే. సచ్చిపోయిండు. తోక ముక్కలు సముద్రంల కలిసినయి. నట్టు దొరకలే.

విచారణల మా ఆయనను అడిగిండ్రు, నీ కండ్లతోని చూసినవా అని. చూసిన అన్నడు.

ఏప్రిల్‌ల ఇంటికచ్చిండు. ఎల్లన్న గూడ అచ్చేసిండు. ఈయన బస్టాండ్ కాడ ఫ్యాన్లు, మోటర్లు బాగు చేసే దుకాణం పెట్టిండు. ఎల్లన్న ముచ్చట తీస్తే మాట మార్చేటోడు.

సెప్టెంబర్‌ల తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బంద్, బడులు బంద్, కరెంటు ఎప్పుడుంటదో తెల్వది. గప్పుడే కంపెనీ కాయితం అచ్చింది. తప్పు పైలట్‌దేనట, పెడల్ తప్పు తొక్కిండట. మా ఆయన ఆ కాయితం పట్టుకొని బువ్వ ముందట కూసున్నడు, ముద్ద ముట్టలే.

"ఆయన తప్పు తొక్కే మనిషి కాదు కుల్సుమ్. పిన్ను ఉండెనా లేకుండెనా నాకు తెలువాలె. ఫోన్ల అడిగేది కాదు."

స్కూటర్ మీద బయలుదేరినం. జగిత్యాల దాటంగ రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నరు. ఒకాయన చేతులడ్డం పెట్టిండు.

"చాచా, బండి ఆపు. తినిపోండ్రి."

"అర్జెంటున్నది బేటా."

"అరే, గీయన కోరుట్ల హెలికాప్టర్ చాచా! అర్జెంటుంటే హెలికాప్టర్ల పోరాదు, స్కూటర్ మీద ఎందుకు?" అని ఎన్కకెల్లి ఎవలో అన్నరు. అందరు నవ్విండ్రు.

ఒక పెద్దామె నా చేతిల ఇస్తారి పెట్టి, "మాకు యాభై ఏండ్ల సంది అర్జెంటే ఉన్నది బిడ్డా, కూసో," అన్నది. మా ఆయన గూడ నవ్వెటట్టు మొఖం పెట్టిండు. రెండు ముద్దలు తిని, ఇస్తారి మలిచి లేచిండు.

సిరిసిల్లల కరెంటు లేక బట్టలు నేసే సాంచాలు ఆగిపోయి గల్లీ గల్లీ సప్పుడు లేకుండున్నది. ఎల్లన్న ఇంటి గడప మీద కూసున్నడు. మమ్ముల చూసి లేచిండు.

"భాయ్! వదినె! గీ బంద్‌ల ఎట్ల అచ్చిండ్రు?"

"ఎల్లన్నా, ఒక్కటే అడుగుత. పిన్ను పెట్టినవా?"

ఎల్లన్న మల్ల గడప మీద కూలబడ్డడు. "నట్టు బిగించిన. గప్పుడే ఇంకో పనికి పిలిచిండ్రు. పోయిన. కొత్త పిన్ను జేబుల చేతికి తగిలేటాలకు హెలికాప్టర్ నీళ్లల్ల పడ్డది."

"పిలిస్తే పోయినవు, సరే. మల్ల వచ్చి చూసుకోవద్దా?"

"నువ్వు చూస్తవు గద అనుకున్న భాయ్. అందరియి గోరు పెట్టి చూస్తవు. నా ఒక్కనిది చూడవని నాకేం ఎరుక?"

మా ఆయన ఆయన పక్కన కూసొని, "నీది చూస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటవనుకున్న," అన్నడు.

ఎల్లన్న మొఖానికి తువ్వాల అడ్డం పెట్టుకొని ఏడ్చిండు. మేం లేచేటప్పుడు, "కంపెనీకి నిజం రాయి భాయ్. నా పేరు గూడ రాయి," అన్నడు.

తిరిగొచ్చేటప్పుడు తొవ్వంత నాకు నేనన్న మాటే యాదికచ్చింది. విచారణకు ముందు రోజు ఆయన నాకు ఫోన్ చేసిండు. నేను చూడలేదు కుల్సుమ్, ఏం చెప్పాలె అన్నడు. "చూసిన అను. సచ్చినోడు మల్ల అస్తడా? నువ్వు ఇంటికి రా," అన్న. గంత మాట నేనే అన్న.

తెల్లారి దుకాణం తెరవలే. పొద్దంత కూసొని ఇంగ్లీషుల రెండు పేజీలు రాసిండు.

"నేను చెప్పిన మాట గూడ రాసినవా?" అని అడిగిన.

"చూడంది నేను. చూసిన అన్న నోరు నాది. నీదేమున్నది దీంట్ల?" అన్నడు. పోస్టాఫీసుకు పోయి రిజిస్టర్ చేసొచ్చిండు.

జవాబు కోసం తొమ్మిది నెలలు చూసిండు. వానకాలంల ఒక పొద్దుగాల్ల, దుకాణంల ఫ్యాన్ విప్పుకుంటనే ఛాతి పట్టుకొని ఒరిగిండు. ఆసుపత్రికి చేరకముందే పోయిండు.

ఇంకో నాలుగు నెలలకు కంపెనీ కాయితం అచ్చింది. మా కొడుకు మజర్ చదివి మంచం మీద ఇసిరిండు.

"పైలట్ తప్పు లేదట. అబ్బా పేరు, ఎల్లన్న చాచా పేరు ఎక్కిచ్చిండ్రు. సచ్చిపోయినంక గీ పేరా అమ్మీ? ఎందుకు రాయనిచ్చినవ్?"

"ఆ పైలట్‌కు గూడ సచ్చిపోయినంకనే గద చెడ్డపేరు పెట్టిండ్రు బేటా."

"అబ్బా అబద్ధం ఆడే మనిషి కాదు. మరి మొదలు చూసిన అని ఎందుకన్నడు?"

"నేను అనుమన్న," అన్న.

మజర్ నా దిక్కు చూసిండు. మల్ల కాయితం చేతిలకు తీసుకొని, పైనుంచి కింది దాక వేలు పెట్టి చదువుకుంట పోయిండు. నా పేరు అండ్ల ఏడ లేదు.